తేలికైన ల్యాప్‌టాప్ ఎలా ఎంచుకోవాలి? ఎస్ఎస్‌డీకి డబ్బు పెట్టడం దండగా?

కాలేజీలో చేరే పిల్లలకో, రోజూ బ్యాగు తగిలించుకుని ఆఫీసుకి వెళ్లేవాళ్లకో ల్యాప్‌టాప్ కొనాలంటే ఎక్కువమంది అడిగేవి రెండే ప్రశ్నలు. బరువు తక్కువ ఉండేది ఎలా చూసుకోవాలి? హార్డ్ డిస్క్‌కి బదులు చిప్‌లలో ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ కోసం ఎక్కువ డబ్బు పెట్టాలా?

రెండో ప్రశ్నకి జవాబు ముందే చెప్పేస్తాను: పెట్టాల్సిందే. విండోస్ హార్డ్ డిస్క్ మీద నడిచే ల్యాప్‌టాప్‌ని ఎంత తక్కువకి ఇస్తానన్నా కొనకండి. అయితే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది మరోచోట. ఒక టీబీ (వెయ్యి జీబీల) ఎస్ఎస్‌డీ అనగానే సంబరపడి, ర్యామ్ (పని చేసేటప్పుడు వాడే తాత్కాలిక మెమరీ) దగ్గర, తెర దగ్గర సర్దుకుపోతారు. ఎస్ఎస్‌డీని రెండేళ్ల తర్వాత కూడా మార్చుకోవచ్చు, తెరని అలా మార్చలేం. అందుకే తర్వాత మార్చలేని వాటికి ముందు డబ్బు కేటాయించండి. ఈ వరుసలోనే కింది మెట్లన్నీ ఉంటాయి.

1. షాపుకి వెళ్లకముందే రాసుకోండి

ఒక కాగితం మీద వీటికి జవాబులు రాయండి. ఇవి తేలకుండా షాపుకి వెళ్తే, అక్కడ స్టాకులో ఏది ఎక్కువ ఉంటే అదే మీకు సరిపోతుందని చెబుతారు.

- రోజూ మోయాలా, లేక హాస్టల్ గదిలోనో ఇంట్లోనో బల్ల మీదే ఉంటుందా?
- వాడే సాఫ్ట్‌వేర్ల పేర్లు ఏమిటి? "కోడింగ్" అని రాస్తే చాలదు. ఆండ్రాయిడ్ స్టూడియో, ఆటోక్యాడ్, ట్యాలీ, ఫొటోషాప్ ఇలా పేర్లతో రాయండి.
- ప్లగ్ దొరకని చోట ఏకబిగిన ఎన్ని గంటలు పని చేయాలి?
- ఇప్పుడున్న కంప్యూటర్లో ఫైళ్లు ఎన్ని జీబీలు ఉన్నాయి?
- ఎన్నేళ్లు వాడాలి?

సాఫ్ట్‌వేర్ పేర్లు అన్నిటికంటే ముఖ్యం. సివిల్, మెకానికల్ విద్యార్థులు వాడే స్టాడ్ ప్రో, రెవిట్, సాలిడ్‌వర్క్స్ విండోస్ మీదే నడుస్తాయి. బరువు తక్కువని మ్యాక్‌బుక్ కొంటే నాలుగేళ్లూ ఇబ్బందే. పెద్ద త్రీడీ మోడళ్లు చేయాలంటే విడి గ్రాఫిక్స్ కార్డు కావాలి, దాంతోపాటు బరువూ వస్తుంది. అలాంటి పని ఉన్నవాళ్లు తేలికదనం మీద ఆశ తగ్గించుకోవాలి. మిగతావాళ్లకి, అంటే కోడింగ్, అకౌంట్స్, రాత పని, ఆన్‌లైన్ క్లాసులు చేసేవాళ్లకి తేలికైనది హాయిగా సరిపోతుంది.

2. బరువుని చార్జర్‌తో కలిపి లెక్కపెట్టండి

13, 14 అంగుళాల మంచి ల్యాప్‌టాప్‌లు సుమారు 1.2 నుంచి 1.4 కిలోలు ఉంటాయి. 13 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం2 బరువు 1.24 కిలోలు. మామూలు 15.6 అంగుళాలవి 1.6 నుంచి 1.8 దాకా వెళ్తాయి. గేమింగ్‌వి 2.2 కిలోలు పైనే, దానికి తోడు చార్జర్ ఒక్కటే అర కిలో ఉంటుంది.

స్పెసిఫికేషన్లో రాసే బరువులో చార్జర్ ఉండదు. కొన్నిసార్లు ఆ బరువు చిన్న బ్యాటరీ ఉన్న మోడల్‌ది కూడా అయి ఉంటుంది. అందుకే ల్యాప్‌టాప్, చార్జర్ కలిపి చూడండి. రెండూ కలిసి 1.7 కిలోలు దాటకపోతే, సిటీ బస్సులో నిలబడి వెళ్లేవాళ్లకి కూడా భుజం నొప్పి పెట్టదు.

చార్జింగ్ యూఎస్‌బీ టైప్ సీ పోర్టు నుంచి జరిగేలా ఉంటే బరువు ఇంకా తగ్గుతుంది. పవర్ డెలివరీ పద్ధతిలో 65 వాట్లు ఇచ్చే ఒక చిన్న చార్జర్ ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ సరిపోతుంది. ఒక జాగ్రత్త: కొన్ని ఫోన్ చార్జర్ల మీద 65 వాట్లు, 80 వాట్లు అని ఉన్నా, ఆ పూర్తి శక్తి ఆ కంపెనీ ఫోన్లకి మాత్రమే అందుతుంది. ల్యాప్‌టాప్‌కి పెడితే చార్జింగ్ నత్తనడకన సాగుతుంది, లేదా అసలు ఎక్కదు. పవర్ డెలివరీ కింద ఎన్ని వాట్లో చార్జర్ మీద చూసుకోండి.

తేలికగా ఉండటమంటే డొల్లగా ఉండటం కాదు. షాపులో ఇవి చేసి చూడండి:

- మూతని ఒక మూల పట్టుకుని తెరవండి. తెర మెలితిరిగినట్టు ఊగితే వదిలేయండి.
- కీబోర్డు మధ్యలో వేలితో నొక్కండి. బాగా లోపలికి కుంగితే టైపింగ్ చిరాగ్గా ఉంటుంది. మెగ్నీషియం మిశ్రమంతో చేసినవి కాస్త వంగుతాయి, అది లోపం కాదు.
- హింజ్ (మూత తిరిగే కీలు) దగ్గర ప్లాస్టిక్ చూడండి. చవక ల్యాప్‌టాప్‌లు రెండుమూడేళ్లకి విరిగేది ఎక్కువగా అక్కడే.

సన్నటి ల్యాప్‌టాప్‌లకి వేడిని బయటికి పంపే చోటు తక్కువ. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యానే ఉండదు. ఇలాంటివి గంటసేపు వీడియో ఎక్స్‌పోర్ట్ లాంటి పని పెడితే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో ఆ తేడా బాగా తెలుస్తుంది. చదువుకి, ఆఫీసు పనికి మాత్రం ఇది అడ్డు కాదు.

3. తేలిగ్గా మార్చలేనివి ముందు: ర్యామ్, తెర, ప్రాసెసర్, కీబోర్డు, బ్యాటరీ

ర్యామ్: సన్నటి వాటిలో ర్యామ్‌ని చాలావరకు మదర్‌బోర్డు మీదే సోల్డర్ చేసేస్తారు, అంటే ఊడదీయలేకుండా అతికించేస్తారు. స్పెసిఫికేషన్లో ఎల్‌పీడీడీఆర్ అనే మాట ఉంటే అది మార్చే రకం కాదనే అనుకోండి. అలాంటిది కొంటే 16 జీబీకి తగ్గొద్దు. డీడీఆర్4, డీడీఆర్5 అని ఉండి, ఖాళీ స్లాట్ ఒకటి ఉందని రూఢి చేసుకున్నాకే 8 జీబీకి ఒప్పుకోండి.

8 జీబీ ర్యామ్‌తో 1 టీబీ ఎస్ఎస్‌డీ ఒకదాంట్లో, 16 జీబీ ర్యామ్‌తో 512 జీబీ ఎస్ఎస్‌డీ ఇంకోదాంట్లో, రెండూ ఒకే ధర అయితే రెండోదే తీసుకోండి. ఇందులో నాకు సందేహమే లేదు.

తెర: ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగులు మారని రకం) ఉండాలి, వెలుగు కనీసం 300 నిట్లు ఉండాలి. చవక మోడళ్లలో 250 నిట్లు, 45 శాతం ఎన్టీఎస్సీ (చూపగల రంగుల కొలత) అని రాసి ఉంటుంది. వాటిలో రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి, కిటికీ పక్కన కూర్చుంటే అక్షరాలు కనిపించవు. 1920 బై 1200 తెరలు 1920 బై 1080 వాటికంటే కొంచెం పొడవు. చదవడానికి, కోడ్ రాయడానికి ఆ అదనపు వరుసలు ఎంతో ఉపయోగం.

ప్రాసెసర్: ఐ5, రైజెన్ 5 అన్న పేరు ఒక్కటే చూసి కొనకండి, పూర్తి నంబరు అడగండి. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. మొదటిదాంట్లో పాత జెన్ 2 తరం కోర్లు (లెక్కలు చేసే భాగాలు) నాలుగే, రెండోదాంట్లో జెన్ 3 కోర్లు ఆరు. ఈ 7000 వరుస నంబర్లలో మూడో అంకె ఏ తరం కోర్లో చెబుతుంది. ఇంటెల్‌లో నంబరు చివర యూ ఉంటే కరెంటు తక్కువ తాగేది, హెచ్ ఉంటే వేగం, వేడి రెండూ ఎక్కువ. సెలెరాన్ ఎన్4020 లాంటివి తేలిక ల్యాప్‌టాప్‌లలో చవకగా కనిపిస్తాయి. వాటికి ఎస్ఎస్‌డీ ఉన్నా పని నెమ్మదే.

కీబోర్డు: 14 అంగుళాల వాటిలో సాధారణంగా నంబర్ ప్యాడ్ ఉండదు. ట్యాలీ, ఎక్సెల్ మీదే రోజంతా గడిపేవాళ్లు యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ విడిగా కొనుక్కుంటే సరిపోతుంది. దానికోసం బరువైన ల్యాప్‌టాప్ మోయక్కర్లేదు.

బ్యాటరీ: "పది గంటలు వస్తుంది" అనే మాట పక్కనపెట్టి వాట్ అవర్లు (బ్యాటరీలో పట్టే శక్తి) ఎన్నో చూడండి. మామూలు పనికి సన్నటి ల్యాప్‌టాప్ గంటకి దాదాపు 6 నుంచి 10 వాట్ అవర్లు తీసుకుంటుంది. 50 వాట్ అవర్ల బ్యాటరీని 8తో భాగిస్తే ఆరు గంటలు. ఈ లెక్క వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. 40 దగ్గర ఉన్నవి రోజంతా క్లాసులకి చాలవు.

4. ఎస్ఎస్‌డీ వల్ల నిజంగా ఏం మారుతుంది?

హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరుగుతుంది, దాని మీద ఒక సూది లాంటి హెడ్ కదులుతుంది. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. అంటే ఒక్క చుట్టుకి 11 మిల్లీసెకన్లు. హెడ్ సరైన చోటికి చేరి, కావలసిన భాగం దాని కిందకి వచ్చేసరికి ఒక్కో చిన్న ఫైలుకి 15 మిల్లీసెకన్లు పైనే అవుతుంది. ఆ లెక్కన సెకనుకి అరవై డెబ్భై చిన్న ముక్కలు చదవగలదు.

విండోస్ మొదలయ్యేటప్పుడు చదివేది ఇలాంటి చిన్న ముక్కలనే, అదీ వేల సంఖ్యలో. అందుకే టాస్క్ మేనేజర్లో డిస్క్ 100 శాతం అని ఎర్రగా కనిపిస్తుంది, మౌస్ కూడా కదలదు. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. ఒక్కో ముక్కకి మిల్లీసెకనులో పదో వంతు చాలు. మీకు తెలిసే వేగమంతా ఇక్కడి నుంచే వస్తుంది.

పెద్ద ఫైళ్ల విషయంలో అంకెలు ఇలా ఉంటాయి: హార్డ్ డిస్క్ సెకనుకి 100 ఎంబీ చుట్టుపక్కల, సాటా (పాత రకం కనెక్షన్) ఎస్ఎస్‌డీ 550 ఎంబీ దాకా, ఎన్‌వీఎంఈ (కొత్త, వేగమైన కనెక్షన్) మూడో తరం 3500 ఎంబీ దాకా, నాలుగో తరం 7000 ఎంబీ దాకా. ఈ అంకెలు చూసి నాలుగో తరానికి ఎగబడక్కర్లేదు. హార్డ్ డిస్క్ నుంచి ఏ ఎస్ఎస్‌డీకి మారినా తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారితే కొంచెం తెలుస్తుంది. మూడో తరానికీ నాలుగో తరానికీ మధ్య తేడా బ్రౌజర్లో, వర్డ్‌లో పని చేసేవాళ్లకి తెలియదు.

తేలికదనానికీ ఎస్ఎస్‌డీకీ సంబంధం ఉంది. రెండున్నర అంగుళాల హార్డ్ డిస్క్ 7 మిల్లీమీటర్ల మందం, వంద గ్రాముల దాకా బరువు ఉంటుంది. చిన్న కార్డులా ఉండే ఎం.2 ఎస్ఎస్‌డీ బరువు పది గ్రాములు కూడా ఉండదు. సన్నటి ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్‌కి అసలు చోటే లేదు. పైగా నడుస్తుండగా బ్యాగులో పెట్టినా, బల్ల మీద నుంచి జారినా దెబ్బతినే హెడ్ ఎస్ఎస్‌డీలో లేదు.

"ఎస్ఎస్‌డీ త్వరగా అరిగిపోతుందట కదా" అని చాలామంది భయపడతారు. 500 జీబీ మంచి ఎస్ఎస్‌డీల వారంటీలో 300 టీబీ దాకా రాసుకోవచ్చని ఉంటుంది. రోజుకి 30 జీబీ రాసినా అది పదివేల రోజులు, అంటే 27 ఏళ్లు. అరుగుదల గురించి టెన్షన్ వద్దు.

జాగ్రత్త పడాల్సింది డేటా విషయంలో. హార్డ్ డిస్క్ చాలాసార్లు గరగరమంటూ ముందే హెచ్చరిస్తుంది. ఎస్ఎస్‌డీ ఏ చప్పుడూ లేకుండా ఒక్కసారిగా ఆగిపోవచ్చు. డిలీట్ చేసిన ఫైళ్లని కూడా ట్రిమ్ అనే ఏర్పాటు వెంటనే తుడిచేస్తుంది కాబట్టి తిరిగి రాబట్టడం దాదాపు అసాధ్యం. పెళ్లి వీడియోలు, పాత ఫొటోలు దాచుకోవడానికి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఇప్పటికీ చవకైన, మంచి దారి. కరెంటు పెట్టకుండా ఏళ్ల తరబడి బీరువాలో ఉంచిన ఎస్ఎస్‌డీలో డేటా చెరిగిపోయే ప్రమాదం ఉంది.

5. ఎంత సైజు, ఏ రకం?

- 256 జీబీ: విండోస్ 238 అని చూపిస్తుంది. విండోస్, ఆఫీస్, నాలుగు సాఫ్ట్‌వేర్లు వేస్తే సగం అయిపోతుంది. తర్వాత మార్చుకునే వీలుంటేనే తీసుకోండి.
- 512 జీబీ: 476 అని చూపిస్తుంది. ఎక్కువమందికి సరైనది ఇదే.
- 1 టీబీ: వీడియో ఎడిటింగ్, గేములు, వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపలే నడిపే ఇంకో కంప్యూటర్) ఉన్నవాళ్లకి. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో స్టోరేజీ మార్చలేం కాబట్టి అక్కడ మాత్రం మొదట్లోనే లెక్క సరిగ్గా వేసుకోవాలి.

అంకె తగ్గినట్టు కనిపించడం మోసం కాదు. కంపెనీలు వెయ్యి చొప్పున లెక్కిస్తాయి, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది.

చిప్‌ల రకాల్లో టీఎల్‌సీ (ఒక్కో గడిలో మూడు బిట్లు దాచేది) క్యూఎల్‌సీ (నాలుగు బిట్లు దాచేది) కంటే మెరుగు. క్యూఎల్‌సీ నిండే కొద్దీ పెద్ద ఫైళ్లు రాయడంలో బాగా నెమ్మదిస్తుంది. రకం ఏదైనా 15, 20 శాతం ఖాళీగా ఉంచండి.

ఈఎంఎంసీ అని రాసి ఉంటే వెనక్కి వచ్చేయండి. 64 జీబీ, 128 జీబీ సైజుల్లో వచ్చే ఈ స్టోరేజీ బోర్డు మీద అతికించి ఉంటుంది, ఎస్ఎస్‌డీ కంటే చాలా నెమ్మది. విండోస్ 11కి కంపెనీ చెప్పే కనీస స్టోరేజీయే 64 జీబీ, అందులో పెద్ద అప్‌డేట్ వస్తే జాగా ఉండదు.

6. డబ్బు కట్టేముందు అడగాల్సినవి

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో కొన్నా, ఆన్‌లైన్లో కొన్నా ఇవే ప్రశ్నలు.

- పూర్తి మోడల్ నంబరు ఏమిటి? ఒకే పేరుతో పదిరకాల మోడళ్లు ఉంటాయి. ఆ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్లో చూడండి.
- ర్యామ్ సోల్డర్ చేసినదా, స్లాట్ ఉందా?
- ఎస్ఎస్‌డీ ఎం.2నా? సైజు 2280నా, 2242నా, 2230నా (చివరి రెండంకెలు మిల్లీమీటర్లలో పొడవు)? రెండో స్లాట్ ఉందా?
- షాపువాళ్లే ర్యామ్, ఎస్ఎస్‌డీ పెంచి ఇస్తుంటే, ఆ భాగాలకి వారంటీ ఎవరిది? బిల్లులో విడిగా రాసిస్తారా?
- సీరియల్ నంబరు ఉన్న జీఎస్టీ బిల్లు ఇస్తారా?
- మన ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉందా, లేక ఇంటికే వచ్చి చేస్తారా?

ఎంఎస్ చదవడానికి అమెరికా వెళ్లేవాళ్లు ఇంకో రెండు చూసుకోవాలి. వారంటీ అక్కడ చెల్లుతుందో లేదో ఆ మోడల్‌కే అడగండి, బ్రాండ్‌కి ఉందంటే చాలదు. చార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే ప్లగ్ పిన్ మార్చుకుంటే చాలు. 100 వాట్ అవర్లు దాటని బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్‌ని విమానంలో చేతి సామానులో తీసుకెళ్లవచ్చు.

7. ఇంటికి తెచ్చిన రోజే చూసుకోండి

- టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ మీద నొక్కండి. ఎస్ఎస్‌డీ అని కనిపించాలి.
- అక్కడే మెమరీ మీద నొక్కితే ర్యామ్ ఎంత, ఎన్ని స్లాట్లు వాడారో తెలుస్తుంది.
- ప్రాసెసర్ నంబరుని బిల్లుతో పోల్చండి.
- క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎస్ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో చూడండి. కొత్తదానిలో వందల గంటలు కనిపిస్తే అది కొత్తది కాదు.
- తెరంతా నల్లగా, తర్వాత తెల్లగా చేసి చుక్కలు ఉన్నాయేమో గమనించండి.
- సెకండ్ హ్యాండ్ అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అనే ఆదేశంతో బ్యాటరీ రిపోర్టు తీయండి. డిజైన్ కెపాసిటీలో ఫుల్ చార్జ్ కెపాసిటీ 70 శాతం కూడా లేకపోతే బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమనండి.

తేడా ఉంటే వెంటనే చెప్పాలి. మార్చి ఇచ్చే గడువు తక్కువ రోజులే ఉంటుంది.

8. పాత ల్యాప్‌టాప్‌కి ఎస్ఎస్‌డీ వేయడం

కొత్తది కొనే డబ్బు ఇప్పుడు లేకపోతే ఇదే మంచి దారి. బరువు మాత్రం పెద్దగా తగ్గదు. ర్యామ్ నాలుగు జీబీయే ఉండి పెంచే వీల్లేనివి, హింజ్ విరిగినవి, సెలెరాన్‌వి అయితే ఈ ఖర్చు పెట్టకండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది కావాలి, అది కూడా చూసుకున్నాకే మొదలుపెట్టండి.

వరుస తప్పకుండా చేయండి:

మొదట, ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి.

రెండు, బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే రికవరీ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, దాన్ని కాగితం మీద రాసుకుని బిట్‌లాకర్ ఆపేయండి. ఈ మెట్టు దాటేసినవాళ్లే ఎక్కువగా చిక్కుల్లో పడతారు.

మూడు, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ దింపుకుని స్లాట్ ఏదో తెలుసుకోండి. ఎం.2 స్లాట్లలో కొన్ని సాటా మాత్రమే, కొన్ని ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకుంటాయి. చూడటానికి ఒకేలా ఉంటాయి. ఎం.2 లేకపోతే రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ కొనండి.

నాలుగు, కొత్తగా విండోస్ వేసుకోవాలా, ఉన్నదాన్ని క్లోన్ చేయాలా (యథాతథంగా కొత్త డిస్క్‌లోకి కాపీ చేయాలా) తేల్చుకోండి. ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త ఉంటే కొత్తగా వేసుకోవడమే నయం. క్లోన్ చేయాలంటే, ఎస్ఎస్‌డీ రకానికి తగిన యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ (ఎస్ఎస్‌డీని బయటి నుంచి తగిలించే కేసు) కావాలి.

ఐదు, పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, మూత విప్పగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. స్క్రూలు పొడవులు వేరుగా ఉంటాయి, ఏది ఎక్కడిదో ఫొటో తీసుకోండి.

ఆరు, ఎం.2 ఎస్ఎస్‌డీని ఏటవాలుగా లోపలికి నెట్టి, పడుకోబెట్టి స్క్రూ బిగించండి. బలవంతం చేయొద్దు.

వారంటీలో ఉన్న ల్యాప్‌టాప్ అయితే మూత విప్పే ముందు కంపెనీకి మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. విప్పేటప్పుడు మన చేతిలో విరిగినదానికి వారంటీ వర్తించదు.

9. ఎదురయ్యే ఇబ్బందులు, వాటికి పరిష్కారాలు

విండోస్ వేస్తుంటే ఎస్ఎస్‌డీ కనిపించడం లేదు: పదకొండో తరం, ఆ తర్వాతి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ (స్టోరేజీని గుర్తించే) డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇన్‌స్టాల్ సమయంలో లోడ్ చేయండి.

క్లోన్ చేశాక బూట్ కావడం లేదు: పాత డిస్క్ ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిలో ఉండి ఉంటుంది. విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్‌2జీపీటీ సాధనంతో దాన్ని కొత్త జీపీటీ పద్ధతికి మార్చి, బయోస్‌లో (ల్యాప్‌టాప్ మొదలయ్యేటప్పుడు వచ్చే సెట్టింగ్స్‌లో) యూఈఎఫ్‌ఐ అనే కొత్త బూట్ పద్ధతి ఎంచుకోండి. రెండు డిస్క్‌లూ ఉంటే బూట్ వరుసలో ఎస్ఎస్‌డీని ముందుకి తెండి.

500 జీబీ వేసినా పాత సైజే చూపిస్తోంది: మిగతా జాగా డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఖాళీగా కనిపిస్తుంది. సీ డ్రైవ్‌కి పక్కనే ఉంటే ఎక్స్‌టెండ్ నొక్కితే చాలు. మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డుంటే ఉచిత పార్టిషన్ సాఫ్ట్‌వేర్‌తో దాన్ని చివరికి జరపండి.

డీవీడీ డ్రైవ్ స్థానంలో ఎస్ఎస్‌డీ పెట్టారు, వేగం అంతంతే: ఆ స్థానంలో కనెక్షన్ నెమ్మదిగా ఉండే మోడళ్లు ఉన్నాయి. ఎస్ఎస్‌డీని హార్డ్ డిస్క్ ఉన్న అసలు చోటికి మార్చి, హార్డ్ డిస్క్‌ని క్యాడీలో (డీవీడీ డ్రైవ్ చోట పట్టే చట్రంలో) పెట్టండి. క్యాడీ 9.5 మిల్లీమీటర్లదా, 12.7దా అన్నది కొలిచి కొనండి.

కొత్త ఎస్ఎస్‌డీ మీద డీఫ్రాగ్ (చెల్లాచెదురైన ఫైలు ముక్కల్ని ఒకచోట చేర్చడం) చేయాలా: వద్దు. విండోస్ దానికదే ట్రిమ్ చేసుకుంటుంది.

తీసేసిన హార్డ్ డిస్క్‌ని ఏం చేయాలి: కొత్త ఎస్ఎస్‌డీ వారం పది రోజులు ఏ ఇబ్బందీ లేకుండా నడిచేదాకా దాన్ని అలాగే ఉంచండి, ఫార్మాట్ చేయకండి. తర్వాత యూఎస్‌బీ కేసులో పెట్టి బ్యాకప్‌కి వాడుకోండి.